తొలి డొమినికన్ బేస్‌బాల్ ఆటగాళ్ళపై టీవీ డాక్యుమెంటరీ: "మొదటివాడు" అనే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: ఒక తెలుగు ఛానెల్ కోసం 52 నిమిషాల డాక్యుమెంటరీ రాస్తున్నారు. విషయం, 1950లు, 60లలో అమెరికా మేజర్ లీగుల్లోకి (అక్కడి బేస్‌బాల్‌లో పై స్థాయి) అడుగుపెట్టిన తొలి డొమినికన్ ఆటగాళ్ళు, అంటే కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్ వాళ్ళు. చూసేవాళ్ళకు క్రికెట్ తప్ప బేస్‌బాల్ తెలియదు. స్క్రిప్టు ఎక్కడ మొదలుపెట్టాలి, తప్పులు ఎక్కడ దొర్లుతాయి, పాత ఫుటేజీ ఎలా వాడాలి?

"మొదటి" అనే మాటతో మొదలుపెడతాను. ఈ కథలో ఎక్కువ తప్పులు దొర్లేది అక్కడే. ఒకే వాక్యంలో "మేజర్ లీగుల్లో ఆడిన మొదటి డొమినికన్" అని రాసేస్తే మూడు వేర్వేరు కథలు కలిసిపోతాయి.

ఓజీ వర్జిల్ 1932 మే 17న మోంటే క్రిస్టిలో పుట్టాడు. చిన్నప్పుడే న్యూయార్క్ వెళ్ళి బ్రాంక్స్‌లో పెరిగాడు, అమెరికా మెరైన్స్‌లో పనిచేశాడు. 1956 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. పుట్టింది డొమినికన్‌లోనే అయినా ఆటగాడిగా తయారైంది న్యూయార్క్‌లో. ఫెలీపె అలూ దారి వేరు. సొంత దేశంలోనే ఆడి, అక్కడే ఒప్పందం మీద సంతకం చేసి, కింది స్థాయి మైనర్ లీగుల మీదుగా 1958 జూన్ 8న శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌లోకి వచ్చాడు. ఏళ్ళ తరబడి నిలకడగా జట్టులో చోటు నిలబెట్టుకున్న మొదటి డొమినికన్ అతనే. హ్వాన్ మారిచాల్ 1960లో వచ్చాడు, 1983లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో (బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే గౌరవం) చేరిన మొదటి డొమినికన్ అయ్యాడు. ముగ్గురూ మొదటివాళ్ళే. ఏ విషయంలో మొదటివాళ్ళో ప్రతిసారీ చెప్పాలి.

ఇంకొక మెలిక ఉంది. 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నీగ్రో లీగులను, అంటే నల్లజాతి ఆటగాళ్ళ విడి లీగులను కూడా మేజర్ లీగులుగా గుర్తిస్తున్నట్టు 2020 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్రకటించింది. 2024లో వాటి గణాంకాలు అధికారిక రికార్డుల్లో కలిశాయి. డొమినికన్ ఆటగాడు తెతేలో వర్గాస్ 1920ల్లోనే ఆ లీగుల్లో ఆడాడు. అంటే పాత పుస్తకాల్లోని "1956లో మొదటి డొమినికన్" అనే వాక్యం ఇప్పుడు అలాగే చెల్లదు. నేషనల్, అమెరికన్ అనేవి నేటి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగులు. వాడదగిన మాట: "నేషనల్, అమెరికన్ లీగుల్లో ఆడిన, డొమినికన్‌లో పుట్టిన మొదటి ఆటగాడు ఓజీ వర్జిల్." పొడుగైనా ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా వర్గాస్‌ను కథలోకి తెచ్చే దారి కూడా ఇదే. సాన్ పెడ్రో దె మాకోరిస్ స్టేడియానికి అతని పేరే పెట్టారు. రంగు అడ్డొచ్చి పెద్ద లీగు తలుపు దాటలేకపోయిన ఆ తరానికి కనీసం నాలుగు నిమిషాలు ఇవ్వండి. వాళ్ళను వదిలేస్తే 1956లో అంతా శూన్యంలోంచి పుట్టుకొచ్చినట్టు కనిపిస్తుంది.

వర్జిల్ విషయంలో మరో "మొదటి" ఉంది. 1958 జూన్ 6న డెట్రాయిట్ టైగర్స్ తరఫున దిగిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. నల్లవాళ్ళకు మూసి ఉన్న ఈ లీగుల్లోకి 1947లో జాకీ రాబిన్సన్ వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. టైగర్స్ తర్వాత నల్లజాతి ఆటగాడు లేకుండా మిగిలింది బోస్టన్ రెడ్ సాక్స్ ఒక్కటే. జూన్ 17న సొంత మైదానంలో మొదటిసారి ఆడి ఐదుకి ఐదు హిట్లు (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు. అయినా డెట్రాయిట్ నల్లజాతి సమాజంలో కొందరు అతన్ని తమ మనిషిగా ఒప్పుకోలేదు. తెల్లవాళ్ళకు నల్లవాడు, నల్లవాళ్ళకు పరాయివాడు. తొలి డొమినికన్ ఆటగాళ్ళు ఎదుర్కొన్న ఇరకాటం ఈ ఒక్క మనిషిలో కనిపిస్తుంది, కాబట్టి ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంతో దాటేయకండి.

ఇక మొదలు. బేస్‌బాల్ నియమాలతో మొదలుపెడితే మూడో నిమిషానికి ఛానెల్ మారిపోతుంది. తెలుగు ప్రేక్షకులకు అలూ అన్నదమ్ముల పేరుతో మొదలుపెట్టండి. స్పానిష్ పద్ధతిలో పేరు తర్వాత ముందు తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి. ఫెలీపె పూర్తి పేరు ఫెలీపె రోహాస్ అలూ. వ్యవహారంలో ఇంటిపేరు రోహాస్. అమెరికన్లు చివరి మాటే ఇంటిపేరు అనుకుని "అలూ" అని రాసేశారు. తర్వాత వచ్చిన తమ్ముళ్ళు మ్యాటీ, హెసూస్ కూడా అలూలే అయ్యారు. ఫెలీపె కొడుకు మొయిసెస్ కూడా ఆ పేరుతోనే ఆడాడు. అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్ళను కూడా అక్కడి ఫారాలు తలకిందులు చేసి, ఇంటిపేరుతోనో తండ్రి పేరుతోనో పిలుస్తాయి. ఈ పోలిక నిజమైనది, తెచ్చిపెట్టింది కాదు. ఒకటిన్నర నిమిషంలో ప్రేక్షకుడిని ఆ మనిషి పక్కన నిలబెడుతుంది.

ముగ్గురు అన్నదమ్ముల ఘట్టం రాసేటప్పుడు రెండు తేదీలు కలపకండి. 1963 సెప్టెంబర్ 10న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ముగ్గురూ ఒకే ఇన్నింగ్స్‌లో వరసగా బ్యాటింగ్‌కు వచ్చారు. సెప్టెంబర్ 15న పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ముగ్గురూ ఒకేసారి ఔట్‌ఫీల్డ్‌లో నిలబడ్డారు. ఒక తేదీ చెబుతూ రెండోదాని ఫొటో వేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. "ముగ్గురూ కలిసి మ్యాచ్ మొదలుపెట్టారు" అని కూడా రాయకండి, అలా ఎప్పుడూ జరగలేదు. మ్యాచ్ మధ్యలో ప్రత్యామ్నాయంగా దిగడం వల్లే కలిశారు.

చరిత్ర భాగంలో తరచూ కనిపించే తప్పు, "అమెరికన్ మెరైన్లు ఈ ఆట నేర్పారు" అనడం. అమెరికా సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది 1916 నుంచి 1924 వరకు. డొమినికన్ జట్టు లిసేయ్ 1907లోనే పుట్టింది. ఆటను తెచ్చింది క్యూబన్లు. 1868లో మొదలైన పదేళ్ళ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళలో చక్కెర పరిశ్రమ తెలిసినవాళ్ళున్నారు, వాళ్ళ వెంట బేస్‌బాల్ కూడా వచ్చింది. ఆక్రమణ కాలంలో ఆట మరింత పెరిగిందంటే సరే, పుట్టిందంటే తప్పు.

చక్కెర మిల్లుల దగ్గర మీ ప్రేక్షకులకు బాగా అందే విషయం ఒకటుంది. సాన్ పెడ్రో దె మాకోరిస్ చుట్టూ కొన్సుఎలో, సాంతా ఫె, పోర్వెనీర్, అంగెలీనా వంటి మిల్లుల్లో పనికి సెయింట్ కిట్స్, నెవిస్, ఆంగ్విల్లా, టోర్టోలా లాంటి ఇంగ్లీషు మాట్లాడే దీవుల నుంచి కూలీలు వచ్చారు. స్థానికులు వాళ్ళను కొకోలోలు అంటారు. వాళ్ళ ఆట క్రికెట్. చెరకు కోత అయిపోయాక వచ్చే ఖాళీ నెలల్లో క్రికెట్ ఆడేవాళ్ళు. వాళ్ళ పిల్లలు, మనవలు బేస్‌బాల్‌కి మారారు. కొన్సుఎలోలో పెరిగిన రికో కార్టీ 1970లో .366 సగటుతో నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. మారిషస్, ఫిజీ, నటాల్ చెరకు తోటలకు మనవాళ్ళూ కూలికి వెళ్ళారు కాబట్టి ఆ జీవితం తెలుగు ప్రేక్షకుడికి అర్థమవుతుంది. కానీ డొమినికన్‌కు తెలుగు కూలీలు వెళ్ళారన్నట్టు ధ్వనించే వాక్యం మాత్రం రాయకండి.

అయితే ఆటగాళ్ళందరూ సాన్ పెడ్రో నుంచే వచ్చారన్నది తర్వాతి తరం చూసి కట్టుకున్న అభిప్రాయం. వర్జిల్, మారిచాల్ ఇద్దరూ వాయవ్య మూల ఉన్న మోంటే క్రిస్టి ప్రాంతం వాళ్ళు. అలూలు రాజధాని పక్కనున్న హైనా ప్రాంతం వాళ్ళు. మానీ మోటా రాజధానివాడు. హూలియాన్ హవియేర్‌ది సాన్ ఫ్రాన్సిస్కో దె మాకోరిస్. అది సాన్ పెడ్రో దె మాకోరిస్ కాదు, దేశంలో మరో మూల ఉన్న ఊరు. మ్యాపు గ్రాఫిక్ చేసేవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు. మ్యాపు మీద చుక్కలు మీరే పెట్టి ఇవ్వండి.

డొమినికన్‌లో జరిగిన 1937 టోర్నమెంటును ఎవరూ వదులుకోరు. నియంత త్రుహియో పేరు పెట్టుకున్న రాజధాని జట్టు, లిసేయ్, ఎస్కోహీదో జట్లను కలిపి తయారైంది. దానికోసం సాచెల్ పేజ్, జోష్ గిబ్సన్, కూల్ పాపా బెల్ లాంటి నీగ్రో లీగు దిగ్గజాలను డబ్బు పోసి తెచ్చారు. ఆసక్తికరమైన ఘట్టమే, కాదనను. కానీ తుపాకుల మధ్య ఆడామంటూ పేజ్ తర్వాతి కాలంలో చెప్పిన కథలు చెప్పేకొద్దీ పెరిగాయి. వాటిని నేరేషన్‌లో వాస్తవంగా పెట్టకుండా "పేజ్ చెప్పుకున్న ప్రకారం" అనండి. త్రుహియోకు స్వయంగా బేస్‌బాల్ మీద పెద్ద మోజు లేదు, మోజు కుటుంబంలో మిగతావాళ్ళది. అసలు ముఖ్యమైన సంగతి ఆ తర్వాతిది: ఆ ఖర్చుకు ప్రొఫెషనల్ బేస్‌బాల్ కుప్పకూలి 1951 దాకా లేవలేదు.

మీ డాక్యుమెంటరీకి వెన్నెముక "వీళ్ళంతా ఆ నాలుగైదేళ్ళలోనే ఎందుకు వచ్చారు" అన్న ప్రశ్న. జవాబు వరసగా చెప్పండి. 1947లో రాబిన్సన్‌తో రంగు గోడ పగిలింది. 1951లో డొమినికన్ లీగు మళ్ళీ మొదలైంది, కానీ వేసవిలో ఆడేవాళ్ళు. 1955లో రాజధానిలో లైట్లున్న కొత్త స్టేడియం కట్టి లీగును చలికాలానికి మార్చారు. అమెరికాలో ఆట ఆగే నెలలవి. దాంతో అమెరికన్ ఆటగాళ్ళు, వాళ్ళ వెంట కొత్త ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు వచ్చారు. న్యూయార్క్ క్యూబన్స్ జట్టు యజమానిగా ఉన్న అలెహాండ్రో పోంపెస్, నీగ్రో లీగులు కూలిపోయాక జెయింట్స్‌కి స్కౌట్ అయ్యాడు. ఆ జట్టులో షార్ట్‌స్టాప్‌గా (ఒక ఫీల్డింగ్ స్థానం) ఆడిన డొమినికన్ ఒరాసియో మార్తీనెస్ పోంపెస్‌కు స్వదేశంలో కళ్ళూ చెవులూ అయ్యాడు. ఫెలీపె సంతకం చేసింది మార్తీనెస్ ద్వారానే, 200 డాలర్లకు. అందుకే తొలివాళ్ళలో అంతమంది జెయింట్సే. 1960ల మొదట్లో క్యూబా దారి మూసుకుపోయాక మిగతా జట్లూ ఇటు తిరిగాయి. ఈ గొలుసుకు ఎనిమిది నిమిషాలు కేటాయించండి. డాక్యుమెంటరీ మొత్తంలో దీన్ని మించిన భాగం ఉండదు.

ఫెలీపె తొలి ఏడాది దక్షిణాది అనుభవాన్ని కూడా చెప్పాలి. 1956లో లూయిజియానాలోని లేక్ చార్లెస్‌కు పంపారు. నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో కలిసి ఆడకూడదనే పట్టుదల వల్ల కొద్ది మ్యాచ్‌లకే అక్కణ్ణుంచి తీసేసి ఫ్లోరిడాలోని కోకోకు బస్సెక్కించారు. అక్కడ .380 కొట్టి లీగులో ముందు నిలిచాడు. డాక్టరు కావాలని చదువుతున్న, జావెలిన్ విసిరే కుర్రాడు వర్ణవివక్ష అనే మాట అర్థమయ్యేలోపే దాని దెబ్బ తిన్నాడు. 1963లో స్వదేశంలో చలికాలం ప్రదర్శన మ్యాచ్‌లు ఆడినందుకు మేజర్ లీగుల కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ అతనికీ మరికొందరికీ 250 డాలర్ల చొప్పున జరిమానా వేశాడు. లాటిన్ ఆటగాళ్ళకు హక్కులు కావాలంటూ ఫెలీపె ఒక క్రీడా పత్రికలో బహిరంగంగా రాశాడు. ఆ డిసెంబర్‌లోనే జెయింట్స్ అతన్ని మిల్వాకీ జట్టుకు ఇచ్చేసింది. రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టండి. "రాసినందుకే పంపేశారు" అని మాత్రం నేరేషన్‌లో తీర్పు చెప్పకండి.

ఆట వివరణకు 90 సెకన్లు చాలు, అదీ ఒక మ్యాచ్ మీద. 1963 జూలై 2, క్యాండిల్‌స్టిక్ పార్క్. బంతి విసిరే పిచ్చర్లు ఇద్దరు: జెయింట్స్‌కు 25 ఏళ్ళ మారిచాల్, మిల్వాకీకి 42 ఏళ్ళ వారెన్ స్పాన్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట పదహారు దాకా సాగింది, ఇద్దరూ చివరిదాకా విసిరారు, జెయింట్స్ ఆటగాడు విల్లీ మేస్ హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) 1-0తో ముగిసింది. మారిచాల్ విసిరినవి 227 బంతులు. క్రికెట్ లెక్కలో దాదాపు 38 ఓవర్లు ఒకే బౌలర్, ఒకే రోజు. అంతే, ప్రేక్షకుడికి పిచ్చర్ అంటే ఏమిటో తెలిసిపోతుంది. బ్యాటింగ్ సగటు దగ్గర మాత్రం ఆగి చెప్పండి. క్రికెట్ సగటు పరుగుల లెక్క, ఇక్కడిది హిట్ల లెక్క. .366 అంటే వెయ్యిసార్లకు 366 హిట్లు, మూడోవంతు దాటితే గొప్ప. "పాయింట్ మూడు ఆరు ఆరు" అని చదివి వదిలేస్తే మనవాళ్ళకు అది సున్నా కంటే కొంచెం ఎక్కువలా వినిపిస్తుంది.

1965 ఆగస్టు 22ని ఎలా చూపిస్తారన్నదే మీ నిజాయితీకి పరీక్ష. బ్యాటింగ్‌లో ఉన్న మారిచాల్, ప్రత్యర్థి జట్టు డాడ్జర్స్ క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) జాన్ రోస్‌బోరో తలమీద బ్యాటుతో కొట్టాడు. రోస్‌బోరో బంతిని తమ పిచ్చర్‌కు తిరిగి విసిరినప్పుడు అది మారిచాల్ చెవి పక్కనుంచి దూసుకుపోవడం తక్షణ కారణం. శిక్ష 1,750 డాలర్ల జరిమానా, కొద్ది రోజుల సస్పెన్షన్. ఆ ఏప్రిల్ 24న డొమినికన్‌లో అంతర్యుద్ధం మొదలైంది, 28న అమెరికా మెరైన్లు దిగారు. మారిచాల్ బంధువులు అక్కడే ఉన్నారు. ఇటు లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి పేట వాట్స్‌లో రేగిన అల్లర్లు చల్లారి వారం కూడా కాలేదు. ఈ నేపథ్యం చెప్పాలి, కానీ సాకుగా వినిపించకూడదు. వరస ఇలా పెట్టండి: ముందు దెబ్బ, రోస్‌బోరో గాయం, ఆ తర్వాత నేపథ్యం. నేపథ్యం ముందు పెడితే దెబ్బను సమర్థించినట్టవుతుంది. ఇద్దరూ తర్వాత స్నేహితులయ్యారు, రోస్‌బోరో అంత్యక్రియల్లో మారిచాల్ మాట్లాడాడు. హాల్ ఆఫ్ ఫేమ్ ఘట్టం దాని పక్కనే రావాలి.

ఆస్టన్లు, అంటే తెర కింది పేర్లు, ఊర్లు తేదీని బట్టి మారతాయి. రాజధాని 1936 నుంచి 1961 వరకు సియుదాద్ త్రుహియో, ఆ తర్వాత మళ్ళీ సాంతో దొమింగో. 1955 స్టేడియం మొదట త్రుహియో పేరుతో ఉండేది, తర్వాత కిస్‌కేయా అయింది, ఇప్పుడు దానికి మారిచాల్ పేరు కూడా చేరింది. జెయింట్స్ 1957 దాకా న్యూయార్క్, 1958 నుంచి శాన్ ఫ్రాన్సిస్కో. పేర్ల ఉచ్చారణను స్క్రిప్టు పక్కనే రాసి ఇవ్వండి: హ్వాన్, హెసూస్, హవియేర్, రోహాస్. "అలూ"లో అ పొట్టిది. డబ్బింగ్ కళాకారులు దాన్ని అలవాటుగా "ఆలూ" అంటారు, అప్పుడది బంగాళదుంప అవుతుంది. ఇంటివాళ్ళ ఊరు రాసేటప్పుడు జంతువు పేరనుకోకుండా, "హైనా" అని ఒంటరిగా వదలకుండా "హైనా రేవు పట్టణం" అనండి.

ఫుటేజీ. మేజర్ లీగ్ మ్యాచ్ దృశ్యాల హక్కులు లీగువే. 52 నిమిషాల్లో మ్యాచ్ ఫుటేజీ నాలుగైదు నిమిషాలకు మించకుండా రాసుకుంటే బడ్జెట్ తట్టుకుంటుంది. ధర సెకన్లను, ప్రాంతాన్ని, మాధ్యమాన్ని, కాలపరిమితిని బట్టి ఉంటుంది. "ఇండియా, టీవీ" అని కొని తర్వాత యూట్యూబ్‌లో పెడితే ఒప్పందం ఉల్లంఘించినట్టే, ఎందుకంటే యూట్యూబ్ ప్రపంచమంతా కనిపిస్తుంది. మొదటే రెండు ధరలూ అడగండి. 1965 సైనిక దృశ్యాల్లో అమెరికా సైన్యం స్వయంగా తీసినవి అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో కాపీరైట్ లేకుండా దొరుకుతాయి. యూనివర్సల్ న్యూస్‌రీళ్ళు కూడా పబ్లిక్ డొమైన్‌లో ఉన్నాయి. వాటిలో వెనక వినిపించే సంగీతం హక్కులు వేరుగా ఉండొచ్చు, ఆడియో తీసేసి వాడితే మేలు. "పాత ఫొటో కాబట్టి ఫ్రీ" అనుకోకండి. 1950ల ఏజెన్సీ ఫొటోలు చాలావాటికి ఇప్పటికీ యజమానులున్నారు. డొమినికన్ సంగీతం మెరెంగె పాట వేస్తే బాణీకి ఒక అనుమతి, రికార్డింగుకు మరొకటి కావాలి.

సాంకేతికంగా రెండు మూడు చోట్ల పని చెడుతుంది. మనది సెకనుకు 25 ఫ్రేములు. అమెరికన్ టేపు 29.97, అసలు ఫిల్మ్ 24. ఫిల్మ్‌ను 29.97లోకి మార్చినప్పుడు అదనపు ఫీల్డులు (సగం ఫ్రేములు) చేరతాయి. వాటిని తీసి 23.976కి తెచ్చాకే 25కి మార్చాలి. నేరుగా టైమ్‌లైన్ మీద పడేస్తే బంతి వెనక దువ్వెన పళ్ళలాంటి గీతలొస్తాయి. పాత చిత్రం 4:3 కొలతలో ఉంటుంది. సాగదీయకండి, పక్కల నల్ల పట్టీలు వదిలేయండి. 16:9కి కోస్తే మారిచాల్ తలకంటే పైకి లేపే ఎడమ కాలు సరిగ్గా అక్కడే తెగిపోతుంది, అతని శైలి అంతా ఆ కాల్లోనే ఉంది. అతను కుడిచేత్తో విసిరేవాడు, ఫొటోలో ఎడమచేత్తో విసురుతున్నట్టు కనిపిస్తే అది తిరగేసి ముద్రించిన ఫొటో. చొక్కా మీది అక్షరాలు చూస్తే తేలిపోతుంది.

నేరేషన్ నిడివి ముందే లెక్కేసుకోండి. 52 నిమిషాల్లో బైట్లు (ఇంటర్వ్యూల్లోని మాటలు), సంగీతం, సహజ ధ్వని పోను నేరేషన్‌కు 23 నిమిషాలు మిగులుతుంది. తెలుగులో హాయిగా చదివితే నిమిషానికి 105 మాటల దాకా వస్తాయి, అంటే 2,400 మాటలు. ఇంగ్లీషు స్క్రిప్టును చూసి రాసినవి 3,500 అవుతాయి, కళాకారుడు పరుగెత్తుతాడు. స్పానిష్ బైట్ మీద తెలుగు గొంతు వేసేటప్పుడు అసలు గొంతును ముందు రెండు సెకన్లు పూర్తిగా వినిపించి తర్వాత తగ్గించండి, చివర ఒక సెకను మళ్ళీ పైకి తేండి. ముసలి ఆటగాళ్ళ గొంతులో వయసు, తడి వినిపించాలి. రోస్‌బోరో గురించి మారిచాల్ మాట్లాడే బైట్‌కు మాత్రం డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్ వేయండి.

ఆ సబ్‌టైటిల్స్ యూనికోడ్ ఫాంటులో చేయించండి. యూనికోడ్ కాని అను ఫాంటులో టైప్ చేసిన ఫైలును ఎడిటింగ్‌లోకి తెస్తే అక్షరాలు చెదిరిపోతాయి. ప్రీమియర్ ప్రోలో గ్రాఫిక్స్ ప్రిఫరెన్స్‌లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి "మేస్త్రి" కాస్తా ముక్కలవుతుంది. రెండు వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకంటే ఎక్కువ ఉంచండి. పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే ఆలస్యం చేయకండి. మ్యాటీ 2011లో, హెసూస్ 2023లో, వర్జిల్, కార్టీ 2024లో పోయారు. ఫెలీపె పుట్టింది 1935లో, హవియేర్ 1936లో, మారిచాల్ 1937లో, మోటా 1938లో. ఎవరైనా ఒప్పుకుంటే గంటకు మించి కూర్చోబెట్టకండి. మధ్యాహ్నం కాకుండా ఉదయం పెట్టుకోండి, స్పానిష్‌లోనే అడిగించండి. 1960ల మొదట్లో జెయింట్స్ మేనేజర్ ఆల్విన్ డార్క్ డ్రెస్సింగ్ రూములో స్పానిష్ మాట్లాడొద్దన్న ఆటగాళ్ళు వీళ్ళలో ఉన్నారు. పాత ఫొటోల ప్రింట్లు పదో పన్నెండో చేతికివ్వండి, ప్రశ్న అడక్కముందే మాట్లాడటం మొదలుపెడతారు. ఆ చేతుల క్లోజప్ తీయడానికి రెండో కెమెరా అక్కడే సిద్ధంగా ఉండాలి.